యజమానుడెవరు?

గత ఆషాఢమాసంలో ఒక సోమవారం. మహానివేదన ముగించి గర్భాలయ ద్వారం మూయబోతున్నాను. అప్పటివరకు మండపంలో ఒక స్తంభానికి ఆనుకొని కూర్చున్న పెద్దమనిషి లేచి వచ్చి, "పంతులుగారూ, ఒక ధర్మసందేహం. తాను చేసిన పని చివరకు దేనికి వినియోగపడిందో తెలియనివాడికి ఆ పని తాలూకు పాపం అంటుతుందా?" అని అడిగారు.

ఆయనను నేను ఆరేడు సంవత్సరాలుగా ఎరుగుదును. పేరు వ్రాయడం ధర్మం కాదు. రక్షణ సంబంధమైన ఒక ప్రభుత్వ సంస్థలో మూడు దశాబ్దాలు పనిచేసి, పదవీ విరమణానంతరం మా విశాఖపట్టణంలో స్థిరపడినవారు. మితభాషి. ఏకవార రుద్రాభిషేకానికి క్రమం తప్పక వస్తారు. ఏ పని చేశారని నేనెన్నడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆనాడు చెప్పినది కూడా ఇంతే. "ఒక భాగం తయారుచేసే విభాగంలో ఉండేవాణ్ణి. తయారుచేసి, పరీక్షించి, సంతకం పెట్టి తరువాతి విభాగానికి అప్పగించేవాళ్ళం. అది ఎక్కడికి వెళ్ళిందో మాకు చెప్పరు, మేము అడగకూడదు. కాని ఊహించలేనంత పసివాణ్ణి కాను గదా. అణ్వస్త్రం అనే మాట మా గదిలో ఎవరమూ పలికేవాళ్ళం కాదు."

ఇటువంటి ప్రశ్నకు నా నాలుక చివర సిద్ధంగా ఉండే సమాధానం ఒకటి ఉంది. అదే చెప్పాను. యజ్ఞంలో ఆహుతి వేసేది అధ్వర్యువు, శస్త్రం పఠించేది హోత, సామగానం చేసేది ఉద్గాత. అయినా ఫలం మాత్రం యజమానునిది. ఋత్విక్కులు దక్షిణతో పరిక్రయింపబడినవారు. పూర్వమీమాంస తృతీయాధ్యాయంలో ఈ విషయం నిర్ణయింపబడి ఉన్నది. "మీరు ఋత్విక్కు వంటివారు. జీతం తీసుకొని విహితమైన పని చేశారు. పుణ్యమైనా పాపమైనా యజమానునిదే" అన్నాను.

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "యజమానుడెవరు పంతులుగారూ?" అన్నారు.

"ప్రభుత్వం."

"ప్రభుత్వం అంటే ఎవరు? అక్కడ ప్రతివాడూ నాలాగే సంతకం పెట్టి ప్రక్కవానికి అప్పగించినవాడే" అని, ప్రసాదం కళ్ళకద్దుకొని వెళ్ళిపోయారు. తరువాతి సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

శాస్త్రవాక్యాన్ని తలుపుకు గడియలా వాడానని ఆ రాత్రి నాకు తోచింది. ప్రశ్న లోపలికి రాకుండా అడ్డం పెట్టానే తప్ప సమాధానం చెప్పలేదు. కనుక ముందుగా ఆ పని మన దేశంలో ఎవరెవరి మధ్య ఎలా పంచబడి ఉన్నదో తెలుసుకోవాలనుకున్నాను. నాకు ఆంగ్లం అంతంతమాత్రం. మా అమ్మాయి ప్రభుత్వ ప్రకటనలు, కొన్ని గ్రంథభాగాలు చదివి అర్థం చెప్పింది. ఈ వ్యాసం ఆమె చదువుకు, నా అజ్ఞానానికి సమాన ఫలం.

ఇక్కడ ఒక మాట. పురాణాలలోని బ్రహ్మాస్త్రమే నేటి అణుబాంబు అని ఉత్సాహపడే సోదరులు నన్ను తరచు ప్రశ్నిస్తుంటారు. ఆ పోలిక నాకు రుచించదు. మహాభారత సౌప్తికపర్వంలో అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ అస్త్రాన్ని విడిచారు. అర్జునుడు ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామ ఉపసంహరించలేకపోయాడు. అక్కడ మంత్రం ఒక్కని హృదయంలో ఉన్నది. ప్రయోగం, ఉపసంహారం, దాని అర్హత, అనర్హత అన్నీ ఆ ఒక్క పురుషునిలోనే ఉన్నాయి. అందుకే శాపం కూడా సూటిగా అశ్వత్థామకే తగిలింది. నేటి అస్త్రం స్వభావం దీనికి విపరీతం. దాని మంత్రం సంపూర్ణంగా ఏ ఒక్కనికీ తెలియకూడదన్నదే దాని కట్టుబాటు. శాపం ఇవ్వవలసివస్తే ఋషికి కూడా చిరునామా దొరకదు.

మన దేశంలో ఈ పంపకం మొదటినుండీ ఉన్నది. 1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖరణ్‌లో జరిగిన ప్రథమ పరీక్షకు ప్లుటోనియం ట్రాంబేలోని రియాక్టరు నుండి వచ్చింది. అది అణుశక్తి విభాగం పని. దానిని నలువైపులనుండి ఒకేసారి నొక్కే పేలుడు పదార్థాల అమరిక చండీగఢ్‌లోని రక్షణ పరిశోధనాలయంలో సిద్ధమయింది. బావి త్రవ్వినది సైన్యంలోని ఇంజనీరింగ్ దళం. 1998 మే 11న, వైశాఖ పూర్ణిమనాడు, మళ్ళీ మే 13న జరిగిన అయిదు పరీక్షలకూ ఇదే త్రిపుటి. అణుశక్తి విభాగం, డి.ఆర్.డి.ఓ., సైన్యం.

పరీక్ష వేరు, నిత్యం భద్రపరచి ఉంచడం వేరు. దానికి 2003 జనవరి 4న కేంద్ర మంత్రివర్గపు భద్రతా సంఘం ఒక సంక్షిప్త ప్రకటన వెలువరించింది. న్యూక్లియర్ కమాండ్ అథారిటీ అనే వ్యవస్థలో రెండు మండలులు. రాజకీయ మండలికి ప్రధానమంత్రి అధ్యక్షులు. అణ్వస్త్ర ప్రయోగానికి అనుమతి ఇవ్వగల సంస్థ అదొక్కటే. కార్యనిర్వాహక మండలికి జాతీయ భద్రతా సలహాదారు అధ్యక్షులు. అది నిర్ణయానికి కావలసిన వివరాలు అందించి, వచ్చిన ఆదేశాన్ని అమలుపరుస్తుంది. దాని క్రింద అస్త్రదళాలను నిర్వహించడానికి వ్యూహాత్మక దళాల కమాండ్, దానికి ఒక సేనాధిపతి. మనం ముందుగా ప్రయోగించబోమని, మనపై ప్రయోగం జరిగితే ప్రతిదాడి దుస్సహంగా ఉంటుందని అందులోనే ఉన్నది. ప్రత్యామ్నాయ ఆదేశ పరంపరలను కూడా ఆమోదించినట్లు చెప్పారు. అంటే ఆదేశించవలసినవారు తొలి దాడిలోనే గతిస్తే వారి స్థానంలో ఎవరన్న నిర్ణయం. 2019 చివర ఏర్పడిన త్రివిధ దళాధిపతి పదవికి ఈ అథారిటీకి సైనిక సలహాదారుగా ఉండే బాధ్యత చేర్చారు.

అస్త్రం భౌతికంగా ఎవరి చేతిలో ఉంటుందన్నది ప్రకటనలో లేదు. ఉండవలసిన పనీ లేదు. అయితే రక్షణ విషయాల పరిశీలకులు చిరకాలంగా ఒక పద్ధతిని వర్ణిస్తూ వచ్చారు. శాంతికాలంలో అణుగర్భం అణుశక్తి విభాగం వారి వద్ద, దాని చుట్టూ అమరే పేలుడు భాగాలు డి.ఆర్.డి.ఓ. వారి వద్ద, క్షిపణులు విమానాలు సైన్యం వద్ద విడివిడిగా ఉంటాయట. ముగ్గురూ కలిసి వస్తేనే అస్త్రం అస్త్రమవుతుంది. నాకు ఈ ఏర్పాటు విన్నప్పుడు మనస్సుకు ఊరట కలిగిన మాట నిజం. కోపం వచ్చిన ఒక్కడు లోకాన్ని కాల్చలేడు.

అయితే మా సముద్రం ఆ ఊరటను కొంత తగ్గించింది. 2009 జులై 26న ఈ విశాఖపట్టణంలోనే అరిహంత్ అణు జలాంతర్గామి జలప్రవేశం చేసింది. నాటి ప్రధానమంత్రి ధర్మపత్ని నారికేళం కొట్టారు. ఆ వార్త చదివి మా ఆలయంలో అందరం సంతోషించాం. ఆ నౌక కూడా ఒక సమష్టి కార్యమే. లోపలి రియాక్టరు అణుశక్తి విభాగానిది, క్షిపణి డి.ఆర్.డి.ఓ. హైదరాబాదు ప్రయోగశాలలది, నడిపేది నౌకాదళం. 2018 నవంబరు 5న, ధనత్రయోదశినాడు, అది తన తొలి గస్తీని పూర్తిచేసినట్లు ప్రధానమంత్రి ప్రకటించారు. 2024 ఆగస్టు 29న రెండవదైన అరిఘాత్ కూడా ఇక్కడే నౌకాదళంలో చేరింది. మూడు భాగాలను మూడు భవనాలలో ఉంచే పద్ధతి సముద్రగర్భంలో సాగదు గదా. నెలల తరబడి నీటి అడుగున సంచరించే నౌకలో అస్త్రం ఉన్నదంటే, అది అమరిన అస్త్రమే అయి ఉండాలి. భూమిమీద ముగ్గురి మధ్య ఉన్న దూరం అక్కడ కొన్ని అడుగులలోకి, కొన్ని సంకేతాలలోకి కుదించుకుపోతుంది. ఆ గస్తీ మాట పత్రికలో చదివిన రోజున నేను యథాప్రకారం దీపారాధన చేశాను. ఈ ఆలోచన నాకు రాలేదు.

ఈ విభజనకు మూలరూపం అమెరికాలో కనబడుతుంది. హిరోషిమా, నాగసాకి అనంతరం 1946లో అక్కడ ఒక చట్టం చేశారు. దాని ప్రకారం మరుసటి జనవరి నుండి అణుబాంబులు సైన్యం చేతినుండి తప్పించి పౌర సంఘమైన అణుశక్తి కమిషన్ అధీనంలో ఉంచారు. బాంబును వేయవలసినది సైన్యం, బాంబు ఉండేది పౌరుల వద్ద. కాని కొరియా యుద్ధకాలంలో, 1951లో, అధ్యక్షుడు ట్రూమన్ తొమ్మిది బాంబుల గర్భభాగాలను సైన్యానికి అప్పగించారు. తరువాతి దశాబ్దంలో మిగిలినవి కూడా క్రమంగా సైన్యం ఆధీనంలోకి వెళ్ళాయి. నేడు అక్కడ ఇంధన శాఖలోని ఒక ప్రత్యేక సంస్థ అస్త్రాలను రూపొందిస్తుంది, నిర్మిస్తుంది, కాలం చెల్లినవాటిని విప్పుతుంది. ఎన్ని కావాలో, ఎటువంటివి కావాలో రక్షణ శాఖ చెబుతుంది, వాటిని మోసే వాహనాలను నిర్మిస్తుంది, కాపలా కాస్తుంది. ఇద్దరి మధ్య సమన్వయానికి 1986లో ఒక మండలి ఏర్పడింది. మూడు ప్రయోగశాలల అధిపతులు ప్రతి సంవత్సరం అస్త్రాల స్థితిని గురించి తమ అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా తెలపాలి. ఇంత పంపకం తరువాత, ప్రయోగానికి ఆజ్ఞ ఇచ్చే అధికారం మాత్రం అధ్యక్షుడొక్కనిదే. చేతులు వేలకొలది, నోరు ఒక్కటి.

అంత పకడ్బందీ వ్యవస్థలో జరిగిన ఒక సంఘటనను మా అమ్మాయి చదివి వినిపించినప్పుడు నేను రెండుసార్లు చదివించుకున్నాను. 2007 ఆగస్టు 29న, ఉత్తర డకోటా రాష్ట్రంలోని మైనాట్ వైమానిక స్థావరంలో, కాలం చెల్లిన పన్నెండు క్రూయిజ్ క్షిపణులను ఒక బి-52 విమానం రెక్కలకు అమర్చారు. వాటిలో ఉత్తుత్తి శీర్షాలు మాత్రమే ఉండాలి. కాని ఒక రెక్క క్రింది ఆరింటిలో నిజమైన అణు శీర్షాలు ఉన్నాయి. గిడ్డంగిలో చూడవలసినవారు చూడలేదు. బండిపై తీసుకువెళ్ళినవారు, ముందువారు చూసి ఉంటారనుకున్నారు. విమానసిబ్బందిలో పరీక్షించవలసిన అధికారి ఒక రెక్క క్రింద ఉన్నవాటిని చూసి ఊరుకున్నాడు. అవి సరిగానే ఉన్నాయి, రెండవ రెక్క వైపు వెళ్ళలేదు. మరునాడు విమానం లూసియానా రాష్ట్రానికి ఎగిరి దిగింది. దాదాపు ముప్పది ఆరు గంటలపాటు ఆరు అణ్వస్త్రాలు ఎక్కడున్నాయో బాధ్యులెవరికీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. మరుసటి సంవత్సరం, మరొక అస్త్రభాగాల రవాణా పొరపాటు కూడా బయటపడిన పిమ్మట, వైమానిక దళ మంత్రి, దళాధిపతి ఇద్దరూ పదవులు వదులుకోవలసి వచ్చింది.

అక్కడ దొంగ లేడు, ద్రోహి లేడు. ప్రతి మెట్టు దగ్గరా ఒక మనిషి ఉన్నాడు. ప్రతి మనిషి వెనుకా మరొక మనిషి ఉన్నాడన్న భరోసా ఉన్నది. ఆ భరోసాయే కన్ను మూసింది.

ఇది నాకు క్రొత్త కథ కాదు. ఇరువది రెండు సంవత్సరాలుగా దీనిని లోపల దాచుకొని ఉన్నాను. ఇప్పుడు వ్రాస్తున్నాను.

అప్పుడు నేను వేరొక ఊరి ఆలయంలో అర్చకుణ్ణి. ఆ ఊరిపేరు ప్రస్తుతానికి అనవసరం. అమ్మవారి ఆభరణాల గదికి మూడు తాళాలు. ఒక తాళపుచెవి నా వద్ద, ఒకటి ధర్మకర్తగారి వద్ద, ఒకటి కార్యాలయంలో. ముగ్గురూ ఎదురుగా ఉంటేనే తలుపు తెరవాలి, ముగ్గురూ సరిచూసి పుస్తకంలో సంతకాలు చేయాలి. పూర్వులు ఎంతో ఆలోచించి పెట్టిన నియమం. కాలక్రమాన ధర్మకర్తగారికి మోకాళ్ళ నొప్పులు వచ్చి తాళపుచెవిని పనివానిచేత పంపేవారు. కార్యాలయపు తాళపుచెవి గోడమీద ఒక మేకుకు వ్రేలాడుతూ ఉండేది. మిగిలినది నేను. నేనైనా చూడవలసింది. పట్టుసంచులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేవాణ్ణి, సంచి మూతి విప్పి లోపల చూసేవాణ్ణి కాదు. మరో ఇద్దరు చూస్తారు గదా అనుకొని "సరిచూచితిని" అని వ్రాసి సంతకం పెట్టేవాణ్ణి. వారు, అర్చకుడు చూసి ఉంటాడు గదా అని సంతకం పెట్టేవారు.

శరన్నవరాత్రులకు ముందురోజు అలంకారానికి తీస్తే వడ్డాణం మధ్య ఉండవలసిన కెంపుల బిళ్ళ లేదు. విచారణ జరిగింది. తాళాలు చెక్కుచెదరలేదు. సంతకాలు మూడూ ప్రతి పుటలోనూ సక్రమంగా ఉన్నాయి. మేము ముగ్గురమూ నిర్దోషులమని పుస్తకమే సాక్ష్యం చెప్పింది. అప్పుడు అనుమానం, ఎవరి సంతకమూ అవసరంలేని మనిషి మీదికి వెళ్ళింది. ఆవరణ ఊడ్చే ఒక స్త్రీ ఉండేది. దీపపు మసి కడగడానికి ఆ గది ముందుదాకా వచ్చేది. "నాకు తెలీదు బాబూ" అని ఆమె నా వైపు చూసి అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆమెను పనినుండి తొలగించారు. పోలీసుల దాకా వెళ్ళలేదు, అదొక్కటే మేలు.

నలభై రోజుల తరువాత ఒక పాత పట్టుచీర మడతలో బిళ్ళ దొరికింది. నిరుటి నవరాత్రుల చివర అలంకారం విప్పినప్పుడు చీరకు చిక్కుకొని ఉండిపోయింది. అంటే సుమారు ఒక సంవత్సరంపాటు ఆ సంచిలో బిళ్ళ లేదు. ఆ సంవత్సరమంతా నేను "సరిచూచితిని" అని వ్రాస్తూనే ఉన్నాను. ఆమెకు కబురు పంపారు, తిరిగి రమ్మని. ఆమె రాలేదు. సంచి విప్పి చూడలేదని నేను ఎవరితోనూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. మూడు సంతకాలలో నా వంతు మూడవ వంతు గదా అని నాకు నేనే భాగహారం చేసుకొని ఊరుకున్నాను.

బంగారంలో చేసిన భాగహారం పాపంలో చెల్లుతుందా? ఆ పెద్దమనిషి అడిగినది నిజానికి ఇదే. నేను ఆయనకు చెప్పిన మీమాంసావాక్యం అబద్ధం కాదు, అసంపూర్ణం. ఫలం యజమానునిదే అయినా ఋత్విక్కు నిర్లిప్తుడని శాస్త్రం ఎక్కడా అనలేదు. అనర్హుని చేత యజ్ఞం చేయించడం, అయాజ్యయాజనం, స్మృతులలో దోషంగా పరిగణింపబడింది. అంతేకాదు, మా ఆపస్తంబ సంప్రదాయంలో సోమయాగానికి వరణం జరిగేటప్పుడు ఋత్విక్కు ఊరికే తల ఊపడు. ఇది ఏ యజ్ఞం, తోటి ఋత్విక్కులు ఎవరు, దక్షిణ ఏమిటి అని అడిగి తెలుసుకొని అంగీకరించాలి. ఇరువది రెండవ ఏట గోదావరీతీరంలో ఒక సోమయాగంలో నేను ఉన్నేతగా ఉన్నాను. చమసపాత్రలు నింపడం నా పని, పదహారుగురిలో అత్యల్పమైన స్థానాలలో ఒకటి. అయినా నన్నూ అడగనిచ్చారు. నాకూ సమాధానం చెప్పారు. మన పెద్దమనిషికి మూడవ ప్రశ్న ఒక్కటే అడిగే హక్కు ఉన్నది. జీతమెంత అని. మొదటి రెండూ నిషిద్ధం.

ఆ నిషేధం దేశరక్షణకు అవసరమని నేనూ ఒప్పుకుంటాను. రహస్యం లేని అస్త్రాగారం శత్రువుకు పెట్టిన విందు. కాని అడగడం నిషేధించిన చోట చూసేవాడు ఒకడు ఉండి తీరాలి. యజ్ఞంలో దక్షిణదిక్కున బ్రహ్మ అనే ఋత్విక్కు కూర్చుంటాడు. తక్కినవారు చేస్తుంటే ఆయన మౌనంగా చూస్తాడు. ముఖ్యమైన ఘట్టాలలో ఆయన అనుజ్ఞ లేకుండా అధ్వర్యువు ముందుకు సాగడు. లోపం జరిగితే ప్రాయశ్చిత్తం ఆయన బాధ్యత. చేసేవాడు, చూసేవాడు ఒకడే కాకూడదన్నది అక్కడి రహస్యం. మన దేశంలో 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. 2000వ సంవత్సరంలో ట్రాంబేలోని భాభా కేంద్రాన్ని ఆ మండలి పరిధినుండి తప్పించి, ఆ కేంద్రంలోనే ఒక భద్రతాసమితిని ఏర్పరచారు. కారణాలు వారికి ఉండవచ్చు. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. నా వృత్తి భాషలో చెప్పాలంటే, అధ్వర్యువు తన బంధువునే బ్రహ్మస్థానంలో కూర్చోబెట్టుకున్నాడు. ఆ బంధువు మహాపండితుడే కావచ్చు, అయినా పీట మారింది.

ఇక మిగిలిన ప్రశ్న యజమానుడెవరని. ప్రధానమంత్రియా? రాజకీయ మండలియా? రాజ్యం రాజుదైన కాలంలో అయితే సమాధానం సులభం. రాజసూయానికి యజమానుడు రాజు. ప్రజాతంత్రంలో ఆ మండలిలో కూర్చున్నవారు కూడా మనం అధికారం ఇచ్చి పంపినవారే. అప్పుడు నాకు సత్రయాగం గుర్తుకు వచ్చింది. పదిహేడుగురికి తగ్గక, ఇరువది నలుగురికి మించక యజమానులు కలిసి చేసే దీర్ఘయాగం అది. అక్కడ బయటివారిని వరించరు. యజమానులే ఋత్విక్కులవుతారు. దక్షిణ లేదు, ఎందుకంటే ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు వేరు కారు. ఫలం ప్రతి ఒక్కరికీ సంపూర్ణంగా చెందుతుంది, ముక్కలుగా కాదు. నేను భాగహారం చేసుకున్న చోట మీమాంసకులు భాగహారానికి ఒప్పుకోలేదు.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. సత్రం మధ్యలో ఒకడు మరణిస్తే, సంఖ్య పూరించడానికి వేరొకనిని చేర్చుకోవచ్చునని షష్ఠాధ్యాయంలో విచారణ. ఆ చేరినవాడు కర్మ చేస్తాడు, ఫలం మాత్రం అతనికి లేదు. అధిపతులు గతిస్తే వారి స్థానంలో నిలిచి, ఆజ్ఞను కొనసాగించవలసిన ఆ అజ్ఞాత వ్యక్తి నాకు దీనిలో కనబడ్డాడు. పని అతని చేతిమీదుగా జరుగుతుంది. కాని సంకల్పం అంతకుముందే, మన అందరి పేరిట చెప్పబడి ఉన్నది. 2003 నాటి ఆ ప్రకటన వచ్చిన రోజున నేను ఓటు ఉన్న గృహస్థుణ్ణి. చదవలేదు.

ఈ ఆలోచన ఇంతవరకు వచ్చాక నేను ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికి శ్రావణం వచ్చింది. వరండాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, "కోపంతో మానలేదు పంతులుగారూ, మోకాలికి శస్త్రచికిత్స అయింది" అన్నారు. నాకు కొంత తేలిక, కొంత సిగ్గు. ఆనాడు తొందరపడి చెప్పానని, మీరు ఋత్విక్కే కాక యజమానులు కూడానని, అయితే నేనూ అంతేనని చెప్పాను.

"అయితే ప్రాయశ్చిత్తం చేయించండి" అన్నారు వెంటనే.

ఇక్కడ చిక్కు వచ్చింది. ప్రాయశ్చిత్తానికి తొలి అంగం చేసినది నోటితో చెప్పుకోవడం. ఆయన చెప్పకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉన్నది. ఉద్యోగం వదిలినా మౌనం వదలదు. భార్యకు కూడా చెప్పలేదట. పైగా, పాపం జరిగిందని కూడా నేను నిశ్చయించలేను. ఆ అస్త్రం వలననే యుద్ధం రాలేదని చెప్పేవారూ ఉన్నారు, వారి మాట కొట్టివేయదగినది కాదు. జరగని యుద్ధానికి పుణ్యం, జరగగల దహనానికి పాపం, ఏది ఎంతో తూచే త్రాసు నా వద్ద లేదు. ఆ మాటే చెప్పాను.

"మరి ఏం చేయగలరు?"

"మీ చేత సంకల్పం చెప్పించగలను. పని పేరు చెప్పనక్కరలేదు" అన్నాను.

తరువాతి సోమవారం చేతికర్ర పట్టుకొని వచ్చారు. సాధారణంగా భక్తుల పక్షాన సంకల్పం మేమే వేగంగా చదివి, గోత్రనామాల దగ్గర మాత్రం ఆగుతాం. ఆనాడు ఆయనచేత పూర్తిగా, ఉత్తమపురుషలో, మాటమాట విడదీసి పలికించాను. తెలిసి చేసినది, తెలియక చేసినది, తెలుసుకోకుండా చేసినది అని మూడవ మాట నేను చేర్చాను. శాస్త్రంలో మొదటి రెండే ప్రసిద్ధం. ఆయన ఆ మూడవ మాట దగ్గర ఒక క్షణం ఆగి, పలికారు. నీళ్ళు విడిచారు.

అభిషేకమయ్యాక మండపంలో కూర్చొని ఆయనకు నా కెంపుల బిళ్ళ కథ చెప్పాను. మా ఇంట్లో కూడా అంతవరకు చెప్పనిది. ఆయన నిదానంగా విన్నారు.

"ఆవిడ ఇప్పుడెక్కడ ఉంది?" అన్నారు.

"తెలియదు."

"తెలియదా పంతులుగారూ, తెలుసుకోలేదా?"

నేను మాట్లాడలేదు. ఆయన ఆ ఊరి పేరు అడిగారు. చెప్పాను. చొక్కా జేబులోని చిన్న పుస్తకం తీసి వ్రాసుకొని, "శుక్రవారం ప్రొద్దుటి బస్సుకు వెళ్ళవచ్చు. నేనూ వస్తాను" అన్నారు.